ఇద్దరికీ ఒకే జత

"ఎర్రవా? నేనేమన్నా సర్కస్‌వాణ్ణా?" డయాలసిస్ కుర్చీలోంచే అరిచాడు తౌనో.

మా ఊరు టాంపెరె ఆసుపత్రిలో మావి పక్కపక్క కుర్చీలు. షుగరు అతని ఎడమ పాదం తీసుకుంది, నా కుడి పాదం తీసుకుంది. సైజు ఒకటే. అందుకే పుట్టగొడుగుల వేటకి ఇద్దరం కలిసి ఒక జత రబ్బరు బూట్లు కొందామనుకున్నాం. రంగు దగ్గర పేచీ వచ్చింది.

"ఎర్రవైతే అడవిలో తప్పిపోయినా కనపడతాం," అన్నాను.

"ఒంటికాలితో ఎంత దూరం తప్పిపోతావురా రైమో? నల్లవే!"

"ముందు నీ కుడికాలి పుండు సంగతి చూసుకో."

"పుండు పెట్టింది షుగరు, మాననివ్వనిది కిడ్నీలు. మధ్యలో కాలేం చేసిందిరా, పాపం!"

రెండు వారాలు వార్డులో ఉండి తిరిగొచ్చిన తౌనో, వస్తూనే అన్నాడు, "సరే, ఎర్రవే కొను."

గెలిచానని ఈల వేశాను. అప్పుడు చూశాను, అతని దుప్పటి కింద కుడివైపు కూడా ఖాళీ.

నల్లవే కొన్నాను. ఎడమది నేను తొడుక్కుని, కుడిది చంకకర్రకి తొడిగి, అడవంతా తిరిగాను. తిరిగొస్తూ ఆ కుడిదాన్ని తౌనో గుమ్మంలో విడిచాను.

"గుమ్మంలో ఆ బురద బూటు విడిచిందెవడురా?" చక్రాల కుర్చీలోంచి అరిచాడు తౌనో.

"నువ్వే," అన్నాను.