రెండంగుళాల బట్ట

“ఊపిరి బిగబట్టకే! ఇప్పుడు బిగబట్టి కొలతలిస్తే రేపు ఆ అబ్బాయి ముందు కూర్చున్నాక ఊపిరాడదు,” అంది పెద్దమ్మ, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే.

“బిగబట్టలేదు పెద్దమ్మా. నా నడుమే ఇంత,” అంది పిట్ట.

ఆ కుట్టుపని కొట్టు పెద్దమ్మది. డెబ్బైకి దగ్గర పడింది. మూల స్టూలు మీద కూర్చుని కాజాలు కుట్టే ఆవిడకు నలభై దాటాయి. అందరికీ కాజాలక్క. పిట్టకు ఇరవై మూడు. ఎదురుగా ఉన్న కళ్ళద్దాల కొట్టులో పని. పెద్దమ్మకు కళ్ళజోడు అమ్మడానికి వచ్చి, మధ్యాహ్నం డబ్బా ఇక్కడే విప్పుకోవడం అలవాటై, ఈ ఇద్దరికీ మూడో మనిషైపోయింది. ఈమధ్య సెలవులో ఉన్నా కొట్టుకు రావడం మానలేదు.

ఒంటి మీద ఆకుపచ్చ గౌను. పోయినేడు పెద్దమ్మే కుట్టింది. అప్పటినుంచి పక్క కుట్లు లోపలికి వేయడం ఇది మూడోసారి. ఈసారి పొట్టి చేతులు తీసేసి మణికట్టు దాకా కొత్తవి వేయించుకుంది. ఎండలు మండిపోతున్నా పొడుగు చేతులే కావాలంది.

“ఒక కుర్రాడి కోసం ఇంతలా కడుపు మాడ్చుకుంటారటే?” అంది కాజాలక్క. “నేను మా ఆయన్ని మొదటిసారి కలిసిన రోజు రెండు ప్లేట్లు లాగించా.”

“అందుకే పారిపోయాడు,” అంది పిట్ట.

“పారిపోయింది పదకొండేళ్ళ తర్వాత. ఏ పనైనా నెమ్మదే ఆయనకి.”

పెద్దమ్మ నవ్వబోయి, సూదులు గుర్తొచ్చి ఆగింది.

“ఇంకొకళ్ళని చూసుకోవచ్చుగా అక్కా? ఫోన్లో నీ ఫోటో నేను పెడతా.”

“ఏమని పెడతావు? మోకాళ్ళు అరిగాయి, జుట్టు నలుపు డబ్బాలోది అనా?”

“నిజాలు చెప్తే ఎవరొస్తారు!”

“తల్లి లేని పిల్లవి గనక అడుగుతున్నా,” అంది పెద్దమ్మ. సుద్దముక్క నడుం దగ్గరే నిలిచిపోయింది. “నువ్వు ఆ అబ్బాయికి చెప్పావా?”

“ఏంటి?”

“గురక పెడతావని,” కాజాలక్క చప్పున అందుకుంది.

ముగ్గురూ నవ్వారు. అంత నవ్వాల్సిన జోకేం కాదది.

“కలిసేది ఒక్క కాఫీకి. కాఫీ చల్లారేలోపు జాతకమంతా విప్పుతారా ఎవరైనా?” అంది పిట్ట.

“సరేలే. తిన్నగా నిలబడు. మీకేం, వంగమంటే వంగుతారు. నాకు పొద్దున లేస్తే ముందు ఏ కీలు పలకరిస్తుందో తెలీదు. సూదిలో దారం ఎక్కించాలంటే ఇంకొకళ్ళ కళ్ళు కావాలి. ముసలితనమంత దరిద్రం లేదే తల్లీ.”

“నాకైతే భలే ఇష్టం. ఇంత పెద్ద ఫ్రేము, దానికి గొలుసు, వచ్చినవాళ్ళనీ పోయినవాళ్ళనీ తిడుతూ కూర్చోవడం. హాయి కదా!” అంది పిట్ట.

“తీసుకోవే నాది. ఊరికే ఇచ్చేస్తా,” అంది పెద్దమ్మ. గొంతులో వెటకారం లేదు.

పిట్ట అద్దంలో పక్కకు తిరిగి చూసుకుంది. “పెద్దమ్మా, లోపలున్న బట్ట కత్తిరించేయండి. పక్కలు ఉబ్బెత్తుగా కనిపిస్తున్నాయి. గుచ్చుకుంటోంది కూడా.”

“కత్తిరించను.”

ఆ కొట్టులో ఒక పద్ధతుంది. ఎవరు ఎంత బిగుతుగా కుట్టమన్నా, పక్క కుట్ల లోపల రెండంగుళాల బట్ట వదలాల్సిందే. మనిషన్నాక ఒళ్ళొస్తుంది. పెళ్ళయితే కొంచెం, పిల్లలు పుడితే ఇంకొంచెం, నలభై దాటితే పిలవకుండానే. అప్పుడు కుట్టు విప్పితే చాలు, పాత గౌను మళ్ళీ సరిపోతుంది. కత్తిరించేశాక ఎవరూ ఏమీ చేయలేరు. కోపమొచ్చి వేరే కొట్టుకు పోయినవాళ్ళున్నారు గానీ, పెద్దమ్మ మాత్రం పద్ధతి తప్పలేదు.

“పిల్లల తల్లివయ్యాక నువ్వే పరిగెత్తుకొస్తావు, వదులు చెయ్యమని.”

“రానులెండి.”

“అందరూ అనే మాటే.”

“పెద్దమ్మా...” పిట్ట అద్దంలోంచే ఆమెను చూసింది. “రేపొక్క రోజు నేను బాగుండాలి. అంతే. కత్తిరించండి.”

కాజాలక్క చేతిలోని గుండీ నుంచి తల ఎత్తలేదు.

పిట్ట విప్పి ఇచ్చిన గౌను తీసుకుని పెద్దమ్మ తెర వెనక్కి వెళ్ళింది. తర్వాత కత్తెర కరకరమంది. చాలాసేపటికి ఇస్త్రీ పెట్టె ఆవిరి బుస్సుమంది. బయటికొచ్చి, గుప్పెడు ఆకుపచ్చ పేలికలు పిట్ట చేతిలో పోసింది.

“చూసుకో. ప్రాణం కుదుటపడిందా?”

పిట్ట గౌను తొడుక్కుంది. పక్కలు నున్నగా ఉన్నాయి. అద్దం ముందు ఒక చుట్టు తిరిగింది.

“ఎలా ఉన్నాను?”

“కాఫీ చొక్కా మీద ఒలకబోసుకుంటాడు పాపం,” అంది కాజాలక్క.

పిట్ట ఇద్దరినీ కలిపి వాటేసుకుంది. ఎల్లుండి వచ్చి పూస గుచ్చినట్టు చెప్తానంది. రోడ్డు దాటి, అవతల దీపస్తంభం పట్టుకుని కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది.

కాజాలక్క నేల ఊడవడానికి తెర వెనక్కి వెళ్ళింది. బల్ల మీద, గౌను చేతులకు కొన్న కొత్త ఆకుపచ్చ బట్టలో మిగిలిన ముక్క ఉంది. దాని అంచంతా చిందరవందరగా కత్తిరించి ఉంది. పేలికలు ఎక్కడివో ఆమెకు అర్థమైంది.

“గౌనులోది కత్తిరించలేదా?”

“పలచగా పరిచి, అస్తరు కింద చేతికుట్టు వేశా. ఇక గుచ్చుకోదు.” పెద్దమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుస్తూనే ఉంది.

వచ్చే చలికాలం చూడదని వాళ్ళ ముగ్గురినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని డాక్టరు చెప్పేసిన ఆ పిల్ల గౌనులో, ఎప్పుడు కుట్టు విప్పినా నిండు మనిషికి సరిపోయేంత బట్ట ఒక్క పోగు తగ్గకుండా అలాగే ఉంది.