పాట పెంచిన మనిషి

సింధూరి ఫోను మళ్ళీ టింగుమంది.

"నాన్నా, ఆయనెవరో మళ్ళీ పెంచాడు."

"ఎవరి మీద పెంచాడు?"

"ఎవరి మీదా లేదు. తన పాట మీద తనే పెంచుకున్నాడు."

వల కుట్టుకుంటున్న పోలరాజు చెయ్యి ఆగింది.

గిలకలదిండి రేవులో పొద్దున్నే చేపల వేలంపాట పెట్టేది పోలరాజే. పడవలొచ్చి గంపలు దింపితే చాలు, ఎవరు కొంటారు, ఎవరు ఊరికే అరుస్తారు, మొహం చూసి చెప్పేస్తాడు.

ఇది మొహం కనపడని పాట. ఆన్‌లైన్లో పెట్టిన పాట.

అమ్మేది కొడుకు హేమసుందర్ ఫోను. కిందటేడు వలలో లక్షలు పలికే కచిడి చేప పడితే, ఆ డబ్బుతో మోజుపడి కొనుక్కున్నాడు. చానా ఖరీదు. ఇప్పుడేమో బోటు ఇంజను చెడింది. అది బాగవకపోతే వేట లేదు, వేట లేకపోతే ఇల్లు లేదు.

చెల్లెలు సింధూరి జాగ్రత్తలన్నీ చదివి మరీ ఫోనుని పాటకి పెట్టింది.

"ఇంటి అడ్రసు ఎవరికీ చెప్పకూడదన్నయ్యా. నలుగురు తిరిగే చోటే కలవాలి. డబ్బు అకౌంట్లో పడ్డాకే ఫోను చేతికివ్వాలి."

"సరే లాయరుగారూ," అన్నాడు హేమసుందర్.

ఇంతలో ఆ పాట పెంచిన మనిషే ఫోన్ చేశాడు. సింధూరి స్పీకర్ పెట్టింది.

"నా పేరు సాంబమూర్తండీ. మాది కంకిపాడు. ఆ ఫోను నాకే ఇప్పించండి బాబూ."

"గీతలేమన్నా ఉన్నాయేమో చూసుకోరా?" అన్నాడు హేమసుందర్.

"ఉంటే ఉన్నాయిలెండి."

"బ్యాటరీ సంగతన్నా అడగరా?"

"అయ్యన్నీ నాకు తెలీవు బాబూ. మీరెక్కడికీ రావద్దు. నేనే మీ ఇంటికొస్తా. ఇంట్లోవాళ్ళందరూ ఉండగా ఇద్దురుగాని. అడ్రసు చెప్పండి."

చెప్పొద్దని సింధూరి చెయ్యి ఊపింది.

"అడ్రసు కుదరదండి."

"పోనీ ఒక్కమాట వినండి. మీరు ఎవరికి..."

పోలరాజు చెయ్యి చాపి కట్ చేశాడు.

"మొప్ప ఎత్తి చూడకుండా పాట పెంచేవాడు సరుకు పట్టుకుపోయి మళ్ళీ రేవులో కనపడడు. ఇట్టాంటోళ్ళని ఎంతమందిని చూళ్ళేదు."

"అంత రేటు ఇంకెవరిస్తారు నాన్నా?"

"ఇస్తేగా రేటు. తీసెయ్ ఆ పేరు."

అందులో నచ్చని మనిషిని పాటలోంచి తీసేసే వీలుంది. సింధూరి తీసేసింది. నంబరు కూడా బ్లాక్ చేసింది.

దాని కిందున్న పాట జయపాల్ అనే అతనిది. అతనూ ఫోన్ చేశాడు.

బిల్లుందా అన్నాడు. అట్టపెట్టె ఉందా అన్నాడు. నీళ్ళలో పడిందా, కెమెరా అద్దం మీద గీతుందా, అన్నీ అడిగాడు. ఫోటోలు పంపించుకున్నాడు. ఆఖరికి కొంచెం తగ్గించమని పోట్లాడాడు కూడా.

పోలరాజుకి ముచ్చటేసింది.

"అదీ కొనేవాడి వరస."

"ఎక్కడ కలుద్దామండీ?" అని అడిగింది సింధూరి.

"మీ ఇష్టం చెల్లెమ్మా. పటమటలో పోలీస్ స్టేషన్ ఎదురుగానైనా సరే."

ఇంక సింధూరికి అడగటానికేం మిగల్లేదు.

మర్నాడు హేమసుందర్ బందరులో బెజవాడ బస్సెక్కాడు. బయల్దేరేటప్పుడు తల్లి పోలేరమ్మ డబ్బాలో అన్నం, పులుసు కట్టిచ్చింది.

"బెజవాడలో హోటళ్ళు లేవా అమ్మా?"

"ఉంటాయి. అందులో మీ అమ్మ ఉండదుగా."

మధ్యాహ్నం తన చిన్న ఫోన్నించి ఇంటికి చేశాడు.

"నాన్నా, అతను చోటు మార్చాడు. పనిలో ఇరుక్కుపోయాడంట. ఆటోనగర్ అవతల కాలవ గట్టున గోడౌనుంది, అక్కడికి రమ్మంటున్నాడు. వెళ్ళనా, వచ్చెయ్యనా?"

"వచ్చెయ్యమను నాన్నా," అంది సింధూరి పక్కనుంచి.

"అంతదూరం పోయి వట్టి చేతుల్తో వస్తాడా? సరుకెరిగిన మనిషేలే. వెళ్ళిరా నాయనా."

ఆ తర్వాత వీళ్ళెన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

హేమసుందర్ కాలవలో దొరికాడు. సముద్రంలో ఈదే పిల్లాడు, మోకాలిలోతు నీళ్ళలో. తల వెనక దెబ్బ ఉంది. ఖరీదైన ఫోను లేదు. అన్నం డబ్బా మూత తియ్యలేదు.

జయపాల్ అనే మనిషే లేడన్నారు పోలీసులు.

పెద్దదినం అయిన మర్నాడు ఒక ముసలాయన గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. పంచె మోకాళ్ళ దాకా దుమ్ము కొట్టుకుపోయింది.

"సాంబమూర్తినండీ. పేపర్లో ఊరు చూసి వచ్చాను."

పోలరాజు కూర్చున్న చోటునుంచి లేవలేదు.

"ఫోను లేదయ్యా. నా కొడుకూ లేడు. ఇంకేం కొందామని వచ్చావు?"

ముసలాయన నేలమీదే కూలబడ్డాడు. పోలేరమ్మ మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది.

"ఆ ఫోను మీకంత అవసరమేమొచ్చిందండీ?" అని అడిగింది సింధూరి.

"నాకు ఫోను వాడటమే సరిగ్గా రాదమ్మా. పాటకి నొక్కేది కూడా మా మనవరాలే."

"మరి కొని ఏం చేస్తారు?"

"పటమటలో ఒక కొట్టు వాళ్ళకి తక్కువకి ఇచ్చేస్తా. ఆ డబ్బుతో ఇంకోటి పాడతా. మేం నేతోళ్ళం. చాలకపోతే మగ్గం ఒకటి అమ్మేశా. రెండోది కూడా బేరం పెట్టా."

పోలరాజు తలెత్తాడు.

"ఎక్కువకి కొని తక్కువకి అమ్మేదేం యాపారమయ్యా?"

ముసలాయన నీళ్ళు ముట్టుకోలేదు. పోలేరమ్మ వైపు తిరిగి చేతులు జోడించాడు.

"మా మనవడు దుర్గాశంకర్‌ని కూడా ఎవడో ఫోను కొంటానని ఆ కాలవ గట్టుకే పిలిచి పొట్టన పెట్టుకున్నాడు తల్లీ, వాడు ఏ పేరుతో వస్తాడో తెలీదు గనక, ఇంకో పిల్లాడు అటు వెళ్ళకుండా ఈ చుట్టుపక్కల పాటకొచ్చిన పెద్ద ఫోనల్లా నేనే కొంటున్నాను."