సెలవు పాట

"టాంటీ, ఇంకో రెండు పాస్తెళ్ళు ఇటు పడెయ్యండి. చెయ్యి తిరిగిన వంటంటే ఇదీ!"

సిప్రియాన్ ఖాళీ పళ్ళెం ముందుకు చాపాడు. ఊరి కుర్రాళ్ళందరికీ టాంటీ, అంటే పిన్ని, అయిన మార్సెలీనాకు ఒళ్ళు మండిపోయింది. మాంసం కూరి, అరటాకుల్లో చుట్టి, నిన్న పొద్దుట్నుంచీ నడుం విరిగేలా చేసిన పాస్తెళ్ళవి. ఈ మూక కోసం కాదు, అక్క కోసం. ఎన్నో ఏళ్ళుగా మాటల్లేని అక్క ఫిలొమీనా, పోయిన ఆదివారం చర్చి మెట్ల దగ్గర తనంతట తానే ఆగి, "వచ్చే ఆదివారం నాలుగింటికి మీ ఇంటికొస్తాను. నీకిష్టమైతేనే" అంది. ఇష్టమైతేనేనట! ఆ మాట తల్చుకుని మార్సెలీనా వారమంతా ఏడుస్తూ నవ్వుతూ ఇల్లు కడిగింది.

తీరా ఈ రోజు మధ్యాహ్నం, ఇంటింటికీ తిరిగి పాడే పారాంగ్ దండు ఊడిపడింది. క్రిస్మస్ నెలలో గుమ్మం ముందు పాట ఎత్తుకుంటే అరీమా ఊళ్ళో ఎంతటివాళ్ళయినా తలుపు తియ్యాల్సిందే. తీశాక కడుపు నిండా పెట్టాలి, గొంతు తడిసేదాకా పొయ్యాలి. ఆ పైన వాళ్ళంతట వాళ్ళు సెలవు పాట పాడుకుని లేవాలే గానీ, ఇంటివాళ్ళు లెమ్మనకూడదు. అంతకన్నా అవమానం ఇంకోటి లేదు. వీళ్ళా, లేచే జాడే లేదు.

"పోంచ అయిపోయింది నాయనా" అంది మార్సెలీనా, రమ్ము కలిపిన ఆ గుడ్లపాల జాడీని బోర్లించి మరీ చూపిస్తూ.

"ఫర్లేదు టాంటీ. ఎర్ర గోంగూర కాయల షర్బతుందిగా, అదే పొయ్యండి. మేం మొహమాటపడే రకం కాదు."

"అది కనపడుతూనే ఉంది."

సిప్రియాన్ పగలబడి నవ్వి, నాలుగు తీగల గిటారు అందుకున్నాడు. పక్కవాడు గిలకలు ఆడించాడు. ఇంకోడు డబ్బా మీద దరువేశాడు. పాట హుషారుగా సాగింది. అది విని మార్సెలీనా కాలు తనకు తెలీకుండానే తాళం వేసింది. ఛీ, దీనిక్కూడా బుద్ధి లేదు అని తన కాలిని తనే తిట్టుకుంది.

గడియారం మూడున్నర దాటింది. పొమ్మనలేక పొగ పెట్టడమంటారే, అదీ చేసి చూసింది. పంకా ఆపేసింది. బల్ల మీద గుడ్డ లాగేసింది. ఆవలించింది. వాళ్ళు మాత్రం చొక్కా గుండీలు విప్పుకుని ఇంకాస్త చేరగిలబడ్డారు.

"సెలవు పాట అందుకోండయ్యా. ఇంకా నాలుగిళ్ళు తిరగొద్దూ మీరు?"

"అందుకుందుము టాంటీ. పాడేవాడేడీ?" సిప్రియాన్ మూల కుర్చీ చూపించాడు. మీసాలకంటిన పోంచ తుడుచుకోకుండానే ముసలి బోనిఫాస్ గురకపెడుతున్నాడు. "ఆ పాత స్పానిష్ మాటలు ఆయనకొక్కడికే వచ్చు. మాకు తందానా తప్ప ఏం రాదు."

"లేపి చావండి!"

"లేపాం. లేచి, ఇంకో గ్లాసు పుచ్చుకుని మళ్ళీ పడుకున్నాడు."

మార్సెలీనాకు ఏడుపొక్కటే తక్కువ. వంటింట్లోకి పోయి చూస్తే, డబ్బా వాయించేవాడు అడక్కుండా సరాసరి కుండలోనే చెయ్యి పెట్టాడు. అడుగున నాలుగంటే నాలుగు మిగిలాయి. అక్క ముందు ఖాళీ కుండ పెట్టి ఏం మొహంతో కూర్చోను?

"తియ్యి చెయ్యి!" అని అరిచింది. "ఆ పాట నేనే పాడతాను."

విసవిసా ముందుగదిలోకి వచ్చింది. సిప్రియాన్ గిటారు పక్కన పెట్టాడు. "టాంటీ, అది మేం పాడుకోవాలి. ఇంటివాళ్ళు పాడితే..."

"గెంటేసినట్టు. తెలుసు. గెంటేస్తున్నాను!"

గాలాడక, వీధి వైపు కిటికీ బార్లా తెరిచింది. అక్కనీ తననీ చెరో మోకాలి మీద కూర్చోబెట్టుకుని నాన్న నేర్పిన పాట అది. ఒక్క మాట మర్చిపోలేదు. 'పొద్దు వాలింది, మేం వెళ్ళొస్తాం' అనే చోట 'పొద్దు వాలింది, ఇక మీ దారి పట్టండి' అని మార్చి, గుండెల్లో ఉన్న కసంతా గొంతులోకి తెచ్చుకుని పాడింది. ఎదురింటి కోళ్ళు కూడా బెదిరాయి. రెండో చరణానికి బోనిఫాస్ ఉలిక్కిపడి లేచి, టోపీ వెతుక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా బయటికి నడిచాడు. అతని వెనక మిగతావాళ్ళూ వాయిద్యాలు చంకన పెట్టుకుని తలలు దించుకుని వెళ్ళిపోయారు.

అమ్మయ్య! మార్సెలీనా గబగబా కొత్త గుడ్డ పరిచింది. నాలుగు పాస్తెళ్ళూ మంచి పళ్ళెంలో సర్దింది. మొహం కడుక్కుని, జుట్టు దువ్వుకుని, రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసింది.

తలుపు చప్పుడైంది. పరిగెత్తుకెళ్ళి తీసింది. ఎదురుగా సిప్రియాన్!

"మళ్ళీ వచ్చావూ? ఇంకేం మిగిలిందని?"

"తినడానికి కాదు టాంటీ." అతను గుడ్డ కప్పిన గిన్నె అందించాడు. లోపల రమ్ములో నానిన నల్ల కేకు, ఇంకా వెచ్చగానే ఉంది. "మీ గేటు దగ్గర తెల్ల టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ ఇచ్చింది. మీరు పాట మొదలెట్టే వేళకే వచ్చి నిలబడ్డట్టుంది. కళ్ళు తుడుచుకుంటోంది."

మార్సెలీనా గిన్నె పట్టుకుని గేటు వైపు చూసింది. "లోపలికి రమ్మనలేకపోయావా?"

"అనకుండా ఉంటానా? టాంటీ గెంటింది మమ్మల్నమ్మా, మిమ్మల్ని కాదూ అని ఒట్టేసి చెప్పాను. వింటేగా! 'పారాంగ్ వాళ్ళని సెలవు పాట పాడి గెంటేసే ఇల్లాలు ఈ ఊళ్ళో ఎవరుంటారు నాయనా? కిటికీ తెరిచి, నన్ను చూసే పాడింది' అని వెళ్ళిపోయింది."