దుమ్ము పడుతుందని

మా ఆయన కొన్న ఏ వస్తువుకీ ప్లాస్టిక్ కవరు తియ్యరు. సోఫాకి ఉంది, రిమోటుకి ఉంది, ఐదేళ్ళ నాటి కారు సీట్లకీ ఉంది. అడిగితే, "దుమ్ము పడుతుందే" అంటారు.

రెండేళ్ళుగా ఆ కారులో ఏసీ గాలి సరిగా రావడం లేదు. పాతబడింది కదా, అంతే అని ఆయన. గ్యాసు పట్టించడానికి కూడా మనసు రాదా అని నేను. ఎక్కడికి బయల్దేరినా ఇదే గొడవ. నిన్న ఉక్కకి నాకు కళ్ళు తిరిగేసరికి, కారు తిన్నగా మెకానిక్ షెడ్డుకి పోనిచ్చారు.

మెకానిక్ డాష్‌బోర్డులోని సామాన్ల అర ఊడదీసి, వెనకనుంచి ఏసీ గాలి ఫిల్టరు బయటికి లాగాడు. కొత్తదానిలా తళతళలాడుతోంది. ప్లాస్టిక్ కవరు కూడా అలాగే ఉంది.

"దుమ్మును పట్టుకోవడమే దీని ఉద్యోగం సార్. కవరుతో బిగిస్తే గాలెలా వస్తుంది? ఎవరు పెట్టారిది?"

ఆయన ఒక్క క్షణం నా వైపు చూశారు.

"నేనే" అన్నారు.

షెడ్డులో ఉన్న నలుగురూ నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మెకానిక్ కవరు చింపి ఫిల్టరు బిగించాడు. తిరిగి వస్తుంటే చల్లగాలి మొహాన కొట్టింది.

రెండేళ్ళ కిందట, ఆయన ఊళ్ళో లేనప్పుడు, ఫోనులో వీడియో చూసి ఆ ఫిల్టరు మార్చింది నేను. ఆ ప్రతాపం ఆయనకీ, చుట్టాలందరికీ చెప్పుకున్నాను కూడా.

కవరు తియ్యాలన్న ఆలోచనే రాలేదు. మా ఇంట్లో ఎవరికొస్తుంది గనక?