పని నేర్పినంక

"సత్యవ్వా, గీ పిల్లకు నెలాఖరుదాక పని నేర్పు. ఆ తర్వాత నువ్వు రాకు," అని చెప్పి షెడ్డు యజమాని వెళ్లిపోయాడు.

మగ్గం పనిలో శిక్షణ సర్టిఫికెట్టుతో వచ్చిన ఆ పిల్ల తేజస్వినికి ఏమీ నేర్పకూడదనుకుంది సత్యవ్వ.

ఇంతలో మరమగ్గం చప్పుడు మారింది. అలవాటైన చేయి దాన్ని టక్కున ఆపేసింది.

"పోగు తెగలేదు గద పెద్దమ్మా, ఎందుకాపినవ్?"

"తెగుతది బిడ్డా. చప్పుడుల తెలుస్తది."

"గిది మాకు చెప్పలే. నీకెవలు నేర్పిండ్రు?"

"మల్లయ్య బాపు. గీ మగ్గం మీదనే."

"ఇప్పుడేడున్నడు?"

పదకొండేళ్లుగా ఎవరడిగినా 'పని మానుకున్నడు' అనే చెప్పేది సత్యవ్వ. ఆయన కూడా ఆమెకు అట్లాగే చెప్పి వెళ్లాడు. ఇవాళ ఆ మాట నోటికి రాలేదు.

"నాకు పని అచ్చినంక తీసేసిండ్రు," అంది మెల్లగా.