నాలుక మీద బిళ్ల

మా అమ్మాయి ఉజ్వలకీ, అది ప్రేమించిన తన్వి అనే అమ్మాయికీ పెళ్లి. పసుపు దంచడానికి రమ్మని ఎదురింటి రాజ్యం వదినని పిలిచాను.

"బిళ్ల పరీక్ష చేయించావా? పుట్టుకతో వచ్చిందైతే పాపం అదేం చేస్తుంది, వస్తాం. మధ్యలో తెచ్చుకున్నదైతే మాత్రం రాం," అంది.

ఇప్పుడా బిళ్లలు ప్రతి మందుల షాపులోనూ ఉన్నాయి. నాలుక మీద పెట్టుకుంటే, మన మనసు ఆడవాళ్ల మీదికి పోతుందో మగవాళ్ల మీదికి పోతుందో, ఆ తీరు పుట్టుకతో వచ్చిందైతే నీలంగా, కాకపోతే ఎర్రగా మారతాయి. ఎర్రబడితే ఒక్క ముత్తైదువైనా గడప తొక్కదేమోనని నాకు ఒకటే దడ.

ఏ మందైనా ముందు నేను నాకి చూడందే ఉజ్వలకి పెట్టను, చిన్నప్పటి నుంచీ అంతే. ఇదీ అలాగే పెట్టుకున్నాను. ఎర్రబడింది!

ఉజ్వల పకపకా నవ్వింది. "అమ్మా, నాన్నని ఇష్టపడడం మధ్యలో నేర్చుకున్నావా? మీ పెళ్లి రద్దు చేద్దామా?"

"నోర్ముయ్," అన్నాను. కానీ ఇన్నేళ్ల కాపురంలో నేను చేసిన తప్పేమిటో ఎంత వెతికినా దొరకలేదు. రెండో బిళ్ల డబ్బా విప్పకుండానే ఎదురింటికి వెళ్లాను.

"ఎర్రగా వచ్చింది వదినా."

వదిన ముఖం మాడిపోయింది.

"దానికి కాదు, నాకు. ఇక నా ఇంటికి రావా?"

వదిన నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "నేనైతే భయపడి ఆ బిళ్ల ముట్టుకోనే లేదు," అంటూ చెప్పులేసుకుంది.