అడవి వెనక తలుపు

“కనిపిస్తోంది! అదిగో, తలుపు అంచు ఇంకా కనిపిస్తోంది!” పెద్దాయన వేలు పెట్టి చూపించాడు.

వాల్‌పేపర్ మేస్త్రీ నిచ్చెన దిగి, వెనక్కి జరిగి చూశాడు. హాలు గోడ నిండా అడవి లేచింది. పొడుగాటి మానులు, వాటి మధ్య పొగమంచు, కింద ఎండుటాకులు. ఈ ఇంటికున్న ఒకే ఒక్క వీధి తలుపు ఆ చెట్ల మధ్య ఉంది. అక్కడ తలుపుందన్న అనుమానం కూడా రాకుండా దాని మీద కాగితం అతకాలి. మేస్త్రీ ఇన్నేళ్ళలో చెమ్మ మరకలు దాచాడు, పగుళ్ళు దాచాడు. వీధి తలుపు దాచమన్నవాళ్ళు మాత్రం వీళ్ళే.

“చెట్టు కాస్త కిందికి జారింది సార్. ఈ ముక్క పీకి మళ్ళీ వేస్తాను.”

“పీకెయ్. కాగితం సరిపోతుందా?”

“ఒక్క ముక్క మిగిలింది. అది కూడా పాడైతే ఇక లేదు. ఈ డిజైను రావడం ఆగిపోయింది.”

పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు. ఎడమ పాదానికి కట్టు ఉంది. వంటింటి వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

“మా ఆవిడకి వినపడకూడదు. నిన్నమొన్నటి దాకా ఇల్లంతా తన చేతి మీదే నడిచిందయ్యా. ఇప్పుడు మనం కాస్త ఏమరితే చాలు, బయటపడి పోతుంది. మొన్న వానలో, కాళ్ళకి చెప్పులైనా లేకుండా, బస్ డిపో దాకా వెళ్ళింది. నేను డ్రైవరుగా చేసిన డిపోనే. నేను రిటైరై ఎంత కాలమైందో! ఇంకా డ్యూటీలోనే ఉన్నానని, నాకు క్యారేజీ తెచ్చానని చెప్పిందట. తన కోసం పరిగెత్తితే నా కాల్లో గాజుపెంకు దిగింది.”

“తాళం వేసి చూడలేదా సార్?”

“అదీ అయింది. తలుపు కనపడుతుంటే మనసు ఊరుకోదుగా! ఏడుపు. చేతులు వాచేదాకా బాదడం. అసలు తలుపే కనపడకపోతే వెళ్ళాలన్న ధ్యాస రాదని డాక్టరుగారు అన్నారు. ఇంకోసారి తప్పిపోతే మాత్రం వృద్ధుల హోమ్‌లో పెట్టక తప్పదన్నారు.” ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. “ఒకళ్ళు అక్కడ, ఒకళ్ళు ఇక్కడా? నా వల్ల కాదు. నీకు దణ్ణం పెడతాను, ఆ గీత కనపడకుండా చెయ్యి.”

మేస్త్రీ తడి కాగితాన్ని ఊడదీసి, గోడ మీది జిగురు తుడిచి, మిగిలిన ఆ ఒక్క ముక్కనీ బల్ల మీద పరిచాడు. తలుపు తెరుచుకునేలా సందు వెంట కోసే కోత సరిగ్గా మాను నీడలో పడాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా తెల్లగీత బయటపడుతుంది.

పెద్దావిడ టీ తెచ్చింది. బక్కపల్చటి మనిషి. మొహంలో నిద్రలేని అలసట.

“తాగి మొదలుపెట్టు బాబూ. కుదురుతుందా?”

“కుదురుతుందమ్మా.”

“కుదరాలి. ఇంకో దారి లేదు మాకు.” తర్వాత భర్త వైపు చూసి నవ్వబోయింది. “చూశావా బాబూ, మీ సారు నన్ను అడవి పాలు చేస్తున్నారు.”

“నేనూ నీతోనే ఉంటాగా, పిచ్చిదానా!” అన్నాడాయన.

ఆవిడ చప్పున మొహం తిప్పేసుకుంది. తనని లోపల పెట్టి మూసే గోడకి తానే కాపలా ఉన్నట్టు, పనయ్యేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. మేస్త్రీకి జాలితో పాటు లోలోపల సిగ్గు కూడా వేసింది. మనిషిని ఎదురుగా పెట్టుకుని ఆమెకే జైలు కడుతున్నాననిపించింది.

ఈసారి కాగితం పై నుంచి కింది దాకా కుదురుగా దిగింది. సగం మానూ సగం మానూ కలిసిపోయాయి. తలుపు పిడి ముందే తీసేశాడు. తాళం రంధ్రం చెట్టు తొర్ర నలుపులో కలిసిపోయింది.

“రైట్ రైట్! అదరగొట్టావు కండక్టరూ!” పెద్దాయన చప్పట్లు కొట్టాడు. పాత డ్రైవరు, ఆ మాటలు ఎక్కడికి పోతాయని మేస్త్రీ నవ్వుకున్నాడు.

“ఏమేవ్, ఇలా రా. తలుపు ఎక్కడుందో చూపించు.”

ఆవిడ గోడ దగ్గరికి వచ్చింది. ఒక్కో చెట్టునీ నిమురుతూ ఈ మూల నుంచి ఆ మూలకి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. చివరికి కిటికీ పక్కన ఎండుటాకుల మీద చెయ్యి పెట్టి, “ఇదే కదూ?” అంది.

పెద్దాయన భోరుమన్నాడు. “కనుక్కోలేకపోయింది! ఇక ఎక్కడికీ పోదు, నా దగ్గరే ఉంటుంది!” అంటూ ఆవిడ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆవిడ ఆయన తల నిమిరి, మెల్లగా కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన చెట్లని చూస్తూ నిమ్మళంగా కళ్ళు మూసుకున్నాడు.

మేస్త్రీ సామాను సర్దుకుని నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. పెద్దాయనని లేపి తలుపు తీయించాలా అని తటపటాయిస్తుంటే, పెద్దావిడ తిన్నగా తొర్ర ఉన్న చెట్టు దగ్గరికి నడిచింది. మెడలో దాచుకున్న తాడు బయటికి లాగి, దానికున్న తాళంచెవిని తొర్రలో పెట్టి తిప్పింది. అడవి రెండుగా విడింది. ఇద్దరూ వరండాలోకి వచ్చాక చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.

మేస్త్రీ నోరు తెరిచాడు. “అమ్మా, ఇందాక మీరు చూపించలేకపోయారు కదా?”

“ఎలా చూపిస్తాను నాయనా? నా కోసమని నమ్మితేనే ఆయన ఈ పనికి ఒప్పుకున్నారు.” ఆవిడ తలుపుకి చెవి ఆనించి లోపలి అలికిడి విని, కళ్ళు తుడుచుకుంది.

“తప్పిపోయేది ఆయన.”